‘మా ఆయన’ అన్నందుకు

మార్చి 3

ఏమండీ గారికి,

ఆదివారం మీరు ఫోన్ చేసినప్పుడు నేను “ఊ”, “ఆ”, “సరే” తప్ప ఏమీ అనలేదని అలిగారట. వదిన చెప్పింది. వదిన ఎదురుగా కూర్చుని, బట్టలు మడతపెడుతూ, ఒక చెవి ఇటు పడేసి ఉంటే నాకు నోరెలా పెగులుతుంది చెప్పండి. ఉత్తరం రాసేటప్పుడు నన్నెవరూ చూడరు. అందుకని ఫోన్లో మిగిలిపోయినవన్నీ ఇందులో రాస్తున్నాను.

వీసా దరఖాస్తుకి నా ఫొటో మూడుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి చెవులు కనబడలేదన్నారు. రెండోసారి చెవులు కనబడ్డాయి కానీ గోడ మీద నీడ పడిందన్నారు. మూడోసారి నేను నవ్వానట. నేను నవ్వలేదండీ, నా మూతే అంత. ఫొటో తీసే ఆయన విసుగుపుట్టి “ఎవరినో తిట్టబోతున్నట్టు పెట్టమ్మా ముఖం” అన్నాడు. పెట్టాను. అది తీసుకున్నారు.

పెళ్ళి ఫొటోలు మూడే ఉన్నాయి కదా. మూడింటిలోనూ నేను తల దించుకునే ఉన్నాను. దరఖాస్తులు నింపే ఆయన వాటిని వెలుగులోకి పట్టి చూసి, “ఏమ్మా, పెళ్ళయింది నీకా, నీ పాపిటికా?” అన్నాడు. వదిన పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇద్దరూ కలిసి ఎంతకాలం ఉన్నారు అని ఒక గడి ఉంది. నలభై ఒకటి అన్నాను. “నెలలా?” అన్నాడు. “రోజులు” అన్నాను. ఆయన కలం ఆగిపోయింది. పెళ్ళయి రెండేళ్ళయింది, నలభై ఒక్క రోజులకే మీరు పనికి వెళ్ళాల్సి వచ్చింది. అది నా తప్పా, మీ తప్పా? ఆ గడి చూసి నా మీద జాలిపడటానికి ఆయనెవరు? ఒళ్ళు మండింది. ఏమీ అనలేదనుకోండి. నా సంగతి మీకు తెలుసు, నోటికి గుండీ పెట్టుకుంటానని నాకు ఆ పేరు పెట్టింది మీరే కదా.

వదినని ఇప్పుడు ఆస్పత్రిలో తను పనిచేసే చీటీల కౌంటర్ దగ్గర కూడా అందరూ పెద్దావిడ అనే పిలుస్తున్నారట. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే తమ్ముడని మిమ్మల్ని చంకనేసుకుని పెత్తనం చేసిందని మీరు పెట్టిన పేరు అంత దూరం పాకింది.

ఇంటర్వ్యూ ఇరవై మూడున. టైలర్ షాపులో మాస్టర్‌ని సెలవు అడిగితే “ఆ రోజు కాజాలు ఎవరు కుడతారు, నీ వీసా కుడుతుందా?” అని నసిగి ఇచ్చాడు. వాళ్ళేం అడుగుతారో, నేనెలా చెప్పాలో రాయండి. నేను చదివింది అయిదో తరగతి. కొత్తవాళ్ళ ముందు నా గొంతు ఎక్కడికి పోతుందో నాకే తెలియదు.

మీ గుండీ


మార్చి 12

గుండీకి,

పాపిటి మాట చదివి నేను నవ్విన నవ్వుకి పై మంచం మీద పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. ఈ డార్మిటరీలో ఆరుగురం ఉంటాం, ఒకడు నవ్వితే అయిదుగురికి సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నిన్నంతా ఒక పద్నాలుగంతస్తుల భవనంలో లిఫ్టు దగ్గరే ఉన్నాను. తలుపు సగం మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. మోటారు చూశాం, వైర్లు చూశాం. చివరికి చూస్తే తలుపు జారే గాడిలో ఎవరిదో చెవిపోగు. దాన్ని జేబులో వేసుకుని కిందికి దిగేసరికి జనం నన్ను తిట్టాలో పొగడాలో తెలియక చూస్తున్నారు.

అసలు సంగతి. కుటుంబం వచ్చేవాళ్ళకిచ్చే గది కంపెనీ నాకు రాసింది. తాళం కూడా చేతికిచ్చారు. మూడో అంతస్తు, ఒక కిటికీ, ఒక పొయ్యి, గోడకి బిగించిన మంచం. కిటికీకి పూల తెర కట్టాను. పని అయ్యాక వెళ్ళి కాసేపు కూర్చుని, తాళం వేసి డార్మిటరీకి వచ్చేస్తున్నాను. ఒక్కడినే పడుకోవడానికి ఒప్పుకోరు. జూలై ఆఖరుకి నువ్వు రాకపోతే గది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వరసలో చివర నిలబడాలి. ఆ వరస మూడేళ్ళు. మూడేళ్ళంటే ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటర్వ్యూలో అడిగినదానికే చెప్పు. గౌరవంగా చెప్పు. నా గురించి చెప్పేటప్పుడు ఇంకాస్త గౌరవంగా చెప్పు. మనం ఒకరినొకరు మర్యాదగా చూసుకునే మనుషులమని వాళ్ళకి తెలియాలి. అక్క గురించి వచ్చినా అంతే, ఇంట్లో మాట్లాడుకునే చనువు అక్కడొద్దు. మన భాష తెలిసినాయన మధ్యలో ఉండి అంతా తిప్పి చెబుతాడు. భయపడకు.

మీ ఆయన


మార్చి 24

ఏమండీ గారికి,

నిన్న ఇంటర్వ్యూ అయింది. బాగానే అయిందనుకుంటున్నాను. కానీ ఒక ప్రశ్నకి మాత్రం నాకు ఒళ్ళంతా కారం పూసినట్టుంది. మొదటి నుంచీ చెబుతాను.

వదినని గేటు దగ్గరే ఆపేశారు. లోపల కుర్చీలు నేలకి బిగించి ఉన్నాయి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. కిటికీకి దళసరి అద్దం, అద్దంలో చిన్న జల్లెడ. అందులోంచి మాట్లాడాలి. అవతల ఒక ఆఫీసరమ్మ, పక్కన కళ్ళద్దాలాయన. ఆమె వాళ్ళ భాషలో అడిగితే ఆయన మన భాషలో అడుగుతాడు.

“మీ భర్త ఏం పని చేస్తారు?”

“మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారండీ.”

కళ్ళద్దాలాయన ఆమెకి చెప్పాడు. ఆమె ముందుకు వంగింది.

“ఎవరు? మళ్ళీ చెప్పండి.”

“మా ఆయనండీ. మా ఆయన.” జల్లెడకి నోరు దగ్గరగా పెట్టి గట్టిగానే చెప్పాను. మీరుంటే మెచ్చుకునేవారు.

“మీరు ఎంతమంది?”

“ఇద్దరమండీ. నేనూ, పెద్దావిడా.” మీరు గౌరవంగా చెప్పమన్నారని వదిన అనలేదు.

“ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?”

“ఒకే గదిలోనండీ.”

“గొడవలు రావా?”

“ఎందుకొస్తాయండీ? నన్ను సొంత చెల్లెలిలా చూస్తుంది.”

“ఆయనకి మీ ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ ఇష్టం?”

ఇదేం ప్రశ్నండీ? మీకు ఎవరంటే ఎంత ఇష్టమో ఆ అద్దం వెనక కూర్చున్నవాళ్ళకి దేనికి? వీసా బరువు తూచి ఇస్తారా? అయినా అడిగినదానికి చెప్పమన్నారు కదా. పళ్ళు బిగబట్టి ఉన్నదే చెప్పాను. “పెద్దావిడంటేనేనండీ. ముందు నుంచీ ఉన్నది ఆమే. నేను తర్వాత వచ్చినదాన్ని.”

“మీకు ఇది సమ్మతమేనా?”

“సంతోషమేనండీ” అన్నాను.

ఆఫీసరమ్మ కలం పక్కన పెట్టి నా వంక చాలాసేపు చూసింది. ఆ చూపు ఆ దరఖాస్తులాయన చూపులాంటిదే. ఎందుకు అందరూ నన్ను చూసి జాలిపడుతున్నారు? నా ముఖంలో ఏముంది? ఉత్తరం రాస్తారు, వెళ్ళండి అన్నారు.

బయటికొచ్చి వదినతో చెబితే “వాడికి నేనంటేనే ఇష్టమని చెప్పావా? మంచి పని చేశావు” అని మురిసిపోయింది.

మీ గుండీ


ఏప్రిల్ 1

నీ ఉత్తరం ఇంకా అందలేదు. అందేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

ఇవాళ సూపర్‌వైజర్ నన్ను లిఫ్టు గుంతలోంచి పైకి పిలిపించాడు. ఒంటి మీద గ్రీజుతోనే వెళ్ళాను. అతని చేతిలో వీసా ఆఫీసు కాగితం. “నీకు ఇంకో భార్య ఉన్న సంగతి కంపెనీకి ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. పదిమంది ముందు అన్నాడు. ఏ భార్య అన్నాను. “నన్నడుగుతావేం? నీ భార్యే చెప్పింది. సంతోషంగా ఒప్పుకున్నదని కూడా రాశారు” అన్నాడు.

ఇక్కడ రెండు పెళ్ళిళ్ళు నేరం. పని పోతుంది, మనిషిని పంపించేస్తారు. వీసా ఎటూ లేదన్నారు. విచారణ అయ్యేదాకా గది తాళం సూపర్‌వైజర్ దగ్గర పెట్టమన్నారు. డార్మిటరీలో పై మంచం వాడు “ఒక గది ఏం సరిపోతుందిలే, రెండోది కూడా రాయించుకో” అంటున్నాడు. నవ్వుతున్నారు. నవ్వరా మరి?

ఏం చెప్పావు వాళ్ళకి? ఎవరు చెప్పారు నీకు? రావడం ఇష్టం లేకపోతే “రాను” అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నన్ను ఇలా వీధిలో నిలబెట్టాలా? ఫోన్ చేస్తే అక్క ఎత్తి “అది మాట్లాడదట” అంటోంది. నలభై ఒక్క రోజుల్లో నా గురించి నువ్వు తెలుసుకున్నది ఇదేనా?

ఇట్లు,
రెండు పెళ్ళిళ్ళవాడు


ఏప్రిల్ 2

గారికి,

ముందు ‘ఏమండీ’ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉత్త ‘గారు’తో సరిపెట్టుకోండి.

నిన్న కాగితం వచ్చింది. వాళ్ళ భాషలో ఉంది. దరఖాస్తులాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన లోపల్లోపల చదువుకుని, నన్ను కూర్చోమన్నాడు. ఎవరైనా కూర్చోమన్నారంటే మంచి మాట కాదు.

“అమ్మా, మీ ఆయనకి ఇంకో భార్య ఉందట. అందుకని వీసా ఇవ్వం అంటున్నారు.”

“వాళ్ళకెలా తెలుసు?”

“వాళ్ళకి తెలియనిదేముంటుందమ్మా? కంప్యూటర్లు” అన్నాడు.

ఇంటికెలా వచ్చానో తెలియదు. వచ్చి మీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పూల తెర కట్టాను అని రాశారు. ఏ మగవాడైనా తనంతట తాను కిటికీకి పూల తెర కడతాడా? గుడ్డ ఎవరు ఎంచారు? అంచు ఎవరు మడిచి కుట్టారు? సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటున్నాను అని రాశారు. ఎవరితో కూర్చుంటున్నారు? ఇన్నాళ్ళూ నేను చెవులు కనబడేలా, నీడ పడకుండా, మూతి బిగించి ఫొటోలు దిగుతూ కాళ్ళరిగేలా తిరుగుతుంటే మీరు అక్కడ తెరలు కట్టుకుంటున్నారా?

నేను ఏడవలేదు. ఏడ్చాననుకుంటారేమో, అందుకని చెబుతున్నాను. కోపంతో షాపులో ఒక చొక్కాకి ఎడమపక్క కుట్టాల్సిన కాజాలు కుడిపక్క కుట్టాను, ఆరూ కుట్టాను. మాస్టర్ చొక్కా నా మీదికి విసిరాడు. విసరనివ్వండి.

వదిన నమ్మదట. “వాడికా? ఇంకో పెళ్ళామా? ఒక్క పెళ్ళానికి నాలుగు వాక్యాలు రాయడానికే వాడికి పది రోజులు పడుతుంది” అంటోంది. తమ్ముడు కదా, అలాగే అంటుంది. ఫోన్ చేయకండి. నేను రాను.

ఇట్లు,
రెండోదో మూడోదో


ఏప్రిల్ 13

గుండీకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. ముందు కోపం ఉత్తరం చదివాను, తర్వాత ఇంటర్వ్యూ ఉత్తరం చదివాను.

వీసాకి పూచీ ఉన్నవాడు అడిగితే ఇంటర్వ్యూ రికార్డు నకలు ఇస్తారట. తెచ్చాను. మా స్టోర్ గుమాస్తాకి రెండు భాషలూ వచ్చు. లైను లైనూ చదివి చెప్పాడు. నువ్వు “మా ఆయన” అన్నావు. ఆ కళ్ళద్దాలాయన దాన్ని మాటకి మాట తిప్పాడు. ఆ భాషలో అది ‘మా అందరికీ భర్త’ అయి కూర్చుంది. అందుకే ఆమె మీరు ఎంతమంది అని అడిగింది. నువ్వు ఇద్దరం అన్నావు! “పెద్దావిడ” అన్నదాన్ని ‘పెద్ద భార్య’ అని రాశారు. కింద ఇలా ఉంది: ‘దరఖాస్తుదారు, పెద్ద భార్య ఒకే గదిలో నివసిస్తున్నారు. భర్తకు పెద్ద భార్య మీదనే ఎక్కువ ప్రేమ అని దరఖాస్తుదారు సంతోషంగా తెలిపారు.’

గుండీ, అది మా అక్క! నా ముక్కు తుడిచి పెంచిన మనిషి! ఆమెని తీసుకొచ్చి నాకు పెళ్ళాన్ని చేశారు. ముద్ర కూడా కొట్టారు. ఎవరి చొక్కా పట్టుకోవాలి నేను? ఆ కాగితానికి చొక్కా కూడా లేదు.

తెర సంగతి. గుడ్డ కొన్నది నేను, కుట్టింది నేను. అంచు పాములా మెలికలు తిరిగింది. కింద మూడంగుళాలు పొట్టి. ఇంకో ఆడమనిషంటూ ఉంటే దాన్ని అలా వేలాడనిస్తుందా?

నిన్ను అనరాని మాటలన్నాను. నువ్వూ అన్నావు. సరికి సరి.

ఇప్పుడు దారి ఒక్కటే అంటున్నాడు గుమాస్తా. దీంతో ఒక కాగితం పంపుతున్నాను. ‘నాకు చదువు తక్కువ. అడిగినది తెలియక, భయంతో తప్పుగా చెప్పాను. నా తప్పు మన్నించి మళ్ళీ పరిశీలించగలరు.’ కింద సంతకం పెట్టి వెంటనే పంపు. ఇలాంటివి తొందరగా తేలతాయట. ఈలోగా ‘నా భర్త’ అనడం అలవాటు చేసుకో. అద్దం ముందు నిలబడి రోజుకి పదిసార్లు అను. జూలై ఎంతో దూరం లేదు.

మీ ఆయన
(ఇక్కడ కూడా ఎవరైనా చూస్తారేమో, నీ ఒక్కదానికే)


ఏప్రిల్ 24

ఏమండీ గారికి,

మళ్ళీ ఏమండీ అయ్యారు. మూడంగుళాల పొట్టి తెర మిమ్మల్ని కాపాడింది.

మీ ఉత్తరం వదినకి చదివాను. ‘పెద్ద భార్య’ దగ్గర ఆపి “మళ్ళీ చదువు” అంది. మళ్ళీ చదివాను. లేచి చెప్పులేసుకుంది. “ఎక్కడికి వదినా?” అంటే “ఆ అద్దం పగలగొట్టి వస్తాను” అంది. రైల్లో ఆరు గంటలు పడుతుందని గుర్తుచేస్తే కూర్చుంది. మర్నాడు ఆస్పత్రిలో “తమ్ముడికి పెళ్ళాన్నట నేను, ఇదిగో మీ చీటీ, తర్వాతెవరు?” అంటూ కౌంటర్ నడిపిందట.

ఇక మీ కాగితం. నేను సంతకం పెట్టను.

రెండు రోజులు ఆలోచించే రాస్తున్నాను. వాళ్ళు అడిగింది నాకు అర్థమైంది. నేను చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదు. మరి క్షమాపణ నేనెందుకు చెప్పాలి? చదువు తక్కువ అన్నది నిజం, అది రాయమంటే రాస్తాను. తప్పుగా చెప్పాను అన్నది అబద్ధం. మీ అక్కని పెళ్ళాన్ని చేశారని మీకు అంత కోపం వచ్చిందే, ఆ చేసింది నేనేనని నా చేత ఎలా రాయిస్తారు?

మీరు చెప్పినట్టే అద్దం ముందు నిలబడి ‘నా భర్త’ అన్నాను. ఒక్కసారే అన్నాను. దుకాణంలో ఎవరో వస్తువు లాక్కుపోతుంటే “నాది, నాది” అని గుంజుకుంటున్నట్టు అనిపించింది. మన ఇంట్లో ఎవరూ అలా అనగా నేను వినలేదు. మా వీధి అంటాను, వీధి నాది కాదు. మా మిషను అంటాను, అది మాస్టర్‌ది. మా ఆయన అన్నప్పుడు అందులో నేనొక్కదాన్నే ఉండను. మిమ్మల్ని పెంచిన వదిన ఉంటుంది, మీ పెట్టెకి తాడు బిగించిన మా నాన్న ఉంటాడు, మీరు వెళ్ళే రోజు వీధి చివరిదాకా వచ్చినవాళ్ళంతా ఉంటారు. ఇంతమంది ఉన్నా ఇంకో పెళ్ళానికి మాత్రం అందులో చోటు లేదు. మన భాషలో ఇది పసిపిల్లకి కూడా తెలుసు. తెలియనివాళ్ళు నేర్చుకోవాలి. నేనెందుకు మరిచిపోవాలి?

నాకూ ఆ గదికి రావాలనే ఉంది. ఆ తెర విప్పి అంచు మళ్ళీ కుట్టాలని చేతులు పీకుతున్నాయి. కానీ తప్పు ఒప్పుకుని వస్తే, అక్కడ ఎవరేమన్నా తల దించుకునే ఉండాలి కదండీ.

మీ గుండీ


మే 6

గుండీకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీతో వాదించి గెలవలేను, ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు గెలిస్తే గది పోతుంది.

ఒక్క సంతకం. అది నిన్నెరగనివాళ్ళు చదివి బీరువాలో పడేసే కాగితం. దాన్ని ఎవరు చూడొచ్చారు? నువ్వేమిటో నాకు తెలుసు, అక్కకి తెలుసు. చాలదా? ఇక్కడ విచారణలో అక్కా నేనూ ఒక తల్లి పిల్లలమని చూపే పుట్టుక పత్రాలన్నీ చూపించి పని నిలబెట్టుకున్నాను. గది తాళం తిరిగిచ్చారు. వీసా ఆఫీసు మాత్రం వినదు. వాళ్ళకి వాళ్ళ రికార్డే వేదం. ఇంత మెత్తటి మనిషివి, ఇప్పుడే దొరికిందా నీకు పంతం?

నువ్వు పెట్టనంటే నేను చేయగలిగింది నేను చేస్తాను. ఏమిటని అడగకు.

మీ ఆయన


జూన్ 20

గారికి,

మళ్ళీ ‘ఏమండీ’ పోయింది. ఎందుకు పోయిందో చదివితే తెలుస్తుంది.

పదకొండో తారీకున మళ్ళీ రమ్మని పిలిచారు. అదే కిటికీ, అదే ఆఫీసరమ్మ, అదే కళ్ళద్దాలాయన. ఆమె ముందు ఒక కాగితం ఉంది. నా కాగితం కాదు. నేను పంపలేదు కదా. కింద మీ సంతకం ఉంది. కళ్ళద్దాలాయన చదివాడు. ‘నా భార్యకు చదువు లేదు. అడిగినది ఆమెకు తెలియదు. తాను చెప్పినది కూడా ఆమెకు తెలియదు. కాబట్టి ఆమె మాటలను లెక్కలోకి తీసుకోవద్దని ప్రార్థన.’

“ఇది నిజమేనా అని మేడం అడుగుతున్నారు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అవునని చెప్పండమ్మా. ఇవాళే అయిపోతుంది” అన్నాడు.

గొంతు ఎప్పటిలాగే ఎటో పోయింది. ఆ జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. అవును అంటే జూలైలో ఆ గదిలో ఉంటాను. ఆ కాగితం నాకంటే ముందే అక్కడికి వచ్చి కూర్చుంటుంది.

“కాదండీ” అన్నాను.

“ఏది కాదు?”

“నాకు అన్నీ తెలిసే చెప్పాను. మీరు తిప్పి చెప్పినప్పుడే తేడా వచ్చింది.”

ఆయన ముఖం కందగడ్డయింది. “నేను మాటకి మాట చెప్పానమ్మా. ఒక్క ముక్క మార్చలేదు. మార్చకూడదు.”

“మన భాష మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?”

“మా అమ్మ దగ్గర.”

“మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎంతమంది?”

“ఎవరూ లేరు. నేనొక్కడినే.”

“మరి మా అమ్మ అన్నారేం? ఆమె ఇంకా ఎవరికి అమ్మ?”

ఆయన ముందున్న కాగితాలు అటూ ఇటూ సర్దాడు. ఆఫీసరమ్మ ఆయన వంకా నా వంకా చూసి ఏదో అడిగింది.

“చెప్పండి” అన్నాను. “మాటకి మాట చెప్పండి. మార్చకూడదు కదా.”

చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసరమ్మ నొసటి మీద చెయ్యి పెట్టుకుంది. పెద్దావిడ ఎవరు అని అడిగింది. “గేటు దగ్గర కాపలాయనతో గొడవ పడుతున్న మనిషండీ, పిలవండి” అన్నాను. పిలిచారు. వదిన వచ్చి అద్దానికి ముక్కు ఆనించి, “వాడు నా తోడబుట్టినవాడు! వాడికి నడక నేర్పింది నేను! ఏ ఊళ్ళో అక్కని పెళ్ళామంటారు?” అని కేకలేసింది. అవన్నీ ఆయన ఒక్క ముక్క మార్చకుండా చెప్పాడో లేదో నాకు తెలియదు. ఆఫీసరమ్మ మాత్రం రెండుసార్లు “సారీ” అంది. అది నాకు తిప్పి చెప్పకుండానే తెలిసింది.

చివరికి ఒక కాగితం తెచ్చారు. దరఖాస్తుదారు తన మాట సవరించుకున్నారు, సంతకం చేయండి అన్నారు. నేను చేయలేదు. సవరించుకోవాల్సింది నేను కాదన్నాను. ఆ మాట కొట్టేసి, తిప్పి చెప్పడంలో పొరపాటు జరిగిందని మళ్ళీ రాశారు. కళ్ళద్దాలాయనే కింద సంతకం పెట్టాడు. పెట్టి, “ఇరవయ్యేళ్ళుగా ఈ పని చేస్తున్నానమ్మా” అన్నాడు. ఆయన మీద కోపం పోయింది.

నిన్న పాస్‌పోర్టు వచ్చింది. వీసా ఉంది.

అయినా నేను ఇప్పుడే రావడం లేదు. వాళ్ళు రాసిన తప్పు వాళ్ళు కొట్టేసుకున్నారు. మీరు రాసింది అలాగే ఉంది. అది కూడా కొట్టేయండి అంటే “అది పూచీదారు మాట, ఆయనే వచ్చి వెనక్కి తీసుకోవాలి” అన్నారు. ఎరగనివాళ్ళు ఎరగక అన్నారు, సరే. ఎరిగిన మీరు ఎలా రాశారండీ? మీకు ఇన్ని ఉత్తరాలు రాసింది ఎవరు? నాకు తెలియకుండానే రాశానా ఇవన్నీ? లెక్కలోకి తీసుకోవద్దు అన్నారు. ఆ గదిలో నేను ఏదైనా అంటే అది లెక్కలోకి వస్తుందా, రాదా? ముందే తెలుసుకుని రావాలి.

మీ మాట వెనక్కి తీసుకున్నట్టు కాగితం పంపండి. అప్పటిదాకా పాస్‌పోర్టు వదిన పెట్టెలో ఉంటుంది. తాళంచెవి ఆమె కొంగున ఉంది. గది పోతే పోతుంది. నాకూ ఏడుపొస్తుంది, కానీ పోతుంది.

ఇట్లు,
దరఖాస్తుదారు


జూలై 2

గుండీకి,

నీ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు నేను ఒక లిఫ్టు కప్పు మీద కూర్చుని ఉన్నాను. అక్కడే చదివాను. దిగడానికి చాలాసేపు పట్టింది.

సంజాయిషీ ఏమీ రాయను. గది పోతుందన్న భయంతో రాశాను, అది రాస్తున్నప్పుడు నీ ముఖం తలుచుకోలేదు. తలుచుకుంటే రాయలేకపోయేవాడిని. అంతే.

నిన్న సెలవు పెట్టి ఇక్కడి ఆఫీసుకి వెళ్ళాను. పొద్దున్న ఏడింటికి వరసలో నిలబడితే మధ్యాహ్నం మూడింటికి కిటికీ వచ్చింది. “వీసా ఇచ్చేశారు కదా, ఇంకేం కావాలి?” అన్నాడు అక్కడివాడు. నేను రాసిన కాగితం వెనక్కి కావాలన్నాను. వెనక్కి ఇవ్వడానికి ఫారం లేదట. ముందుకు ఇవ్వడానికి తొమ్మిది ఫారాలున్నాయి. “చిన్న విషయం, ఎవరు చదువుతారు, వదిలేయ్” అన్నాడు. ఇదే మాట నేను నీతో అన్నానని గుర్తొచ్చి చెంప మీద కొట్టినట్టయింది. వదలనన్నాను. కేకలేశాడు, నేనూ వేశాను. చివరికి తెల్లకాగితం మీద రాసి తెస్తే ఫైల్లో పెడతానన్నాడు. గుమాస్తా చేత వాళ్ళ భాషలోకి మార్పించి, దానికి మూలంగా నేను మన భాషలో రాసిన కాగితం కూడా కుట్టి ఇచ్చాను. ముద్ర వేయించుకున్నాను. నకలు పంపుతున్నాను.

‘నా భార్య గురించి నేను ఇంతకుముందు రాసినది అబద్ధం. భయంతో రాశాను. ఆమెకు తెలియక ఏమీ అనలేదు. నా భార్యకు అన్నీ అర్ధం అవుతాయి. ఆమె మాటలన్నీ లెక్కలోకి తీసుకోవలసిందిగా ప్రార్థన.’

చాలకపోతే రాయి. మళ్ళీ వెళ్ళి నిలబడతాను. ఆ కిటికీవాడికి నా ముఖం గుర్తుంది, చూస్తే పారిపోతాడేమో.

మీ ఆయన


జూలై 12

ఏమండీ గారికి,

కాగితం అందింది. వదిన తాళం తీసింది. టికెట్ తీసుకున్నాను, ఇరవై ఆరున సాయంత్రానికి దిగుతాను. వదిన స్టేషన్‌దాకా వస్తానంటోంది, ఇప్పటి నుంచే ముక్కు చీదుతూ అందరినీ కసురుతోంది. మాస్టర్ నాకు కత్తెర ఇచ్చాడు, పాతదే అనుకోండి, కానీ ఆయన ఎవరికీ ఏమీ ఇచ్చిన మనిషి కాదు.

మీరు రాసింది ఒప్పుకున్నాను. కానీ అందులో ఒక తప్పుంది. ‘అన్నీ అర్ధం అవుతాయి’ అని రాశారు. థ రాయాల్సిన చోట ధ రాశారు. అలా రాస్తే సగం అని అర్థం. నాకు అన్నీ సగమే తెలుస్తాయని ముద్ర వేయించి మరీ ఫైల్లో పెట్టించారన్నమాట.

మీరు మళ్ళీ వెళ్ళొద్దు. నేను వచ్చాక ఇద్దరం కలిసి వెళ్దాం. దిద్దడం నాకు వచ్చు.

మీ గుండీ